తొమ్మిది మాత్రలు, ముప్పై ఆరు జతలు

షుగర్‌ని ఎలా అదుపులో పెట్టుకోవాలో చెప్పే వీడియోలు యూట్యూబ్‌లో కొల్లలుగా ఉన్నాయి. బీపీ మీద ఇంకో వెయ్యి ఉంటాయి. మోకాళ్ల నొప్పుల సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఈ మూడూ ఒకే మనిషికి ఉంటే ఏం చేయాలో చెప్పేవి మాత్రం వెతికినా పెద్దగా దొరకవు. అరవై ఐదు, డెబ్బై దాటిన వాళ్లున్న ఇంట్లో అసలు సమస్య ఇదే. ఒక్క జబ్బుతో ఆగిపోయిన పెద్దవాళ్లు మన చుట్టూ ఎంతమంది ఉన్నారో మీరే లెక్కేసుకోండి. రెండో మూడో నాలుగో కలిసే ఉంటాయి. వాటిలో ఏదీ పూర్తిగా నయమైపోయేది కాదు, మనిషితో పాటే నడుస్తుంటుంది.

కోవిడ్‌ పుణ్యమా అని ‘కోమార్బిడిటీ’ అనే మాట మనందరికీ తెలిసిపోయింది. 1970లో అమెరికన్‌ డాక్టర్‌ ఆల్వన్‌ ఫైన్‌స్టీన్‌ పెట్టిన పేరది. అందులో ఒక జబ్బు హీరో, మిగతావి సైడ్‌ క్యారెక్టర్లు. పెద్దవాళ్ల విషయంలో హీరో ఎవరో తెలీదు కాబట్టి ఇప్పుడు ఎక్కువగా ‘మల్టీమార్బిడిటీ’ అంటున్నారు. అంటే రెండు లేదా అంతకంటే ఎక్కువ దీర్ఘకాలిక జబ్బులు ఒకే మనిషిలో కాపురం చేయడం. మన దేశంలో దీన్ని పెద్ద ఎత్తున కొలిచింది ‘లాసీ’ అనే సర్వే. 2017-18లో 45 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా మనుషుల్ని కలిసి చేశారు, రిపోర్టు 2021 జనవరిలో వచ్చింది.

నాకీ గొడవంతా ఎందుకంటే, పటమటలో మా అమ్మమ్మ మందుల డబ్బా నా డ్యూటీ. వయసు 74. షుగరు, బీపీ, థైరాయిడ్‌, కొలెస్ట్రాల్‌, మోకాళ్లు, వీటితో పాటు ఈ మధ్యే మొదలైన కిడ్నీ సమస్య. డాక్టర్లు నలుగురు. విజయవాడ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, నలుగురూ సూర్యారావుపేటలోనే. ఒక వీధిలో షుగర్‌ డాక్టరు, పక్క వీధిలో ఎముకల డాక్టరు, ఆ చివర గుండె డాక్టరు. నాలుగడుగుల దూరంలో ఉన్నా ఒకరు రాసిన చీటీ ఇంకొకరు చూసే ఏర్పాటు లేదు. ఎవరి ఫైలు వాళ్లదే, ఎవరి రక్తపరీక్ష వాళ్లదే.

ఇందులో డాక్టర్లని తప్పుపట్టడానికేం లేదు. ప్రతి ఒక్కరూ తమ జబ్బుకి గైడ్‌లైన్‌ ప్రకారం సరైన మందే రాస్తున్నారు. చిక్కు ఆ గైడ్‌లైన్‌లోనే ఉంది. 2005లో జాన్స్‌ హాప్‌కిన్స్‌కి చెందిన సింథియా బాయిడ్‌, ఆమె సహచరులు ఒక సరదా లాంటి, నిజానికి భయపెట్టే ప్రయోగం చేశారు. ఊహల్లో 79 ఏళ్ల ఒక అమ్మమ్మని తీసుకున్నారు. షుగరు, బీపీ, ఎముకలు గుల్లబారడం, కీళ్లవాతం, ఊపిరితిత్తుల జబ్బు, మొత్తం ఐదు. ఒక్కో జబ్బుకి ఉన్న గైడ్‌లైన్‌ని పొల్లుపోకుండా పాటిస్తే ఏమవుతుందో కాగితం మీద వేసి చూశారు. 12 రకాల మందులు, రోజుకి 19 డోసులు, ఐదు వేర్వేరు టైముల్లో. దీనికి తోడు తిండి మీద, వ్యాయామం మీద బోలెడు నియమాలు, అందులో కొన్ని ఒకదానికొకటి పడనివి. విడివిడిగా చూస్తే తప్పు లేని పనులన్నీ కలిపితే మనిషి చేయలేని పని అయింది. మన భాషలో చెప్పాలంటే ప్రతి మాడ్యూలూ యూనిట్‌ టెస్ట్‌ పాసైంది. ఇంటిగ్రేషన్‌ టెస్ట్‌ చేసినవాడే లేడు.

లెక్క చూద్దాం. అమ్మమ్మ డబ్బాలో ఒకప్పుడు రోజుకి తొమ్మిది రకాలు ఉండేవి. థైరాక్సిన్‌, గ్యాస్‌ మాత్ర, మెట్‌ఫార్మిన్‌, గ్లిమెపిరైడ్‌, టెల్మిసార్టాన్‌, ఆమ్లోడిపిన్‌, నీళ్ల మాత్ర, కొలెస్ట్రాల్‌ మాత్ర, కాల్షియం. తొమ్మిదింటిలోంచి రెండేసి చొప్పున తీస్తే 36 జతలు. అన్ని జతలూ గొడవపడవు. చాలావరకు ఒకదాని జోలికి ఒకటి పోవు. కానీ పదో మాత్ర కలిపితే పెరిగేది ఒక్క మాత్రే కాదు, దాంతో తొమ్మిది కొత్త జతలు పుడతాయి. మందు ఒకటి పెరిగితే రిస్కు ఒకటే పెరగదన్న మాట ఇంట్లో చెప్పడానికి నాకు ఇంతకంటే తేలిక దారి కనపడలేదు.

అన్నిటికంటే మామూలు గొడవ థైరాక్సిన్‌కీ కాల్షియానికీ మధ్య. రెండూ కడుపులో కలిస్తే థైరాక్సిన్‌ ఒంటికి సరిగా పట్టదు, కనీసం నాలుగు గంటల ఎడం కావాలి. ఐరన్‌ మాత్రకీ ఇదే రూలు. మనోళ్లు ఏం చేస్తారంటే పొద్దున్నే లేచి అన్నీ ఒకే గుక్కలో మింగి ఓ పనైపోయిందనుకుంటారు. తర్వాత టీఎస్‌హెచ్‌ ఎక్కువొస్తుంది, డాక్టరు థైరాక్సిన్‌ డోసు పెంచుతారు. అప్పటికి తక్కువైంది మందు కాదు, ఎడం.

ఇంకొకటి కాస్త మాయదారిది. మెట్‌ఫార్మిన్‌ ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బీ12 తగ్గుతుంది. గ్యాస్‌ మాత్ర కూడా తోడైతే ఇంకా తగ్గొచ్చు. బీ12 తగ్గితే పాదాలు తిమ్మిర్లెక్కుతాయి, మంటలు పుడతాయి. షుగర్‌ వల్ల నరాలు దెబ్బతిన్నా అచ్చం అలాగే ఉంటుంది. ‘షుగర్‌ ఉంది కదా, తిమ్మిర్లు మామూలే’ అని అందరూ అనేసుకుంటారు. రక్తంలో బీ12 ఎంతుందో చూస్తే చాలాసార్లు సంగతి తేలిపోతుంది. కానీ ఆ పరీక్ష రాయాలన్న ఆలోచన ఎవరికో ఒకరికి రావాలిగా.

ఇప్పుడు అసలు కథకి వస్తాను. ఇది మా ఇంట్లో జరిగింది. అమ్మమ్మకి బీపీ సరిగా దిగట్లేదని ఆమ్లోడిపిన్‌ 5 నుంచి 10 మిల్లీగ్రాములకి పెంచారు. నెల తిరక్కుండా చీలమండలు వాచాయి. ఆ మందు డోసు పెరిగితే వాపు రావడం బాగా తెలిసిన సంగతే. సన్నటి రక్తనాళాలు వదులై నీరు కణజాలంలోకి చేరుతుంది, ఒంట్లో నీరు ఎక్కువై వచ్చే వాపు కాదది. అమ్మమ్మ ఆ వాపుని ఇంకో డాక్టరుకి చూపించింది. ఆయన నీళ్ల మాత్ర రాశారు. అంటే మందు తెచ్చిన సమస్యని కొత్త జబ్బనుకుని దానికో మందు. దీన్ని ‘ప్రిస్క్రైబింగ్‌ క్యాస్కేడ్‌’ అంటారు. పౌలా రోషన్‌, జెర్రీ గుర్విట్జ్‌ అనే ఇద్దరు డాక్టర్లు 1997లో బ్రిటిష్‌ మెడికల్‌ జర్నల్‌లో దీని గురించే రాశారు. పుస్తకాల్లో ఇచ్చే ఉదాహరణల్లో ఆమ్లోడిపిన్‌, వాపు, నీళ్ల మాత్ర వరస తప్పకుండా ఉంటుంది. అది చదివినప్పుడు మా ఇంటి చీటీలు ఎవరో ముందే చూసి రాసినట్టు అనిపించింది.

నీళ్ల మాత్ర పడ్డాక రాత్రి నాలుగైదుసార్లు లేవడం మొదలైంది. చీకట్లో, మోకాళ్లు పట్టేసిన మనిషి బాత్రూముకి నడవడం. లేచి నిలబడగానే బీపీ కాస్త పడిపోయి కళ్లు తిరగడం. పెద్దవాళ్లు పడి తుంటి ఎముక విరిగిందని వింటాం చూశారా, ఆ వార్త వెనక ఇలాంటి వరస ఎక్కడో ఉండే అవకాశం బాగానే ఉంది.

తర్వాత మే నెల వచ్చింది. రోహిణి కార్తెలో విజయవాడ ఎలా ఉంటుందో హాస్టల్‌లో కూలర్‌ పాడైన వాళ్లని అడగండి. మోకాళ్ల నొప్పి ఎక్కువై అమ్మమ్మ ఒక మందుల షాపులో నొప్పి మాత్ర తెప్పించుకుని వారం పైన వేసుకుంది. పదో మాత్ర. మధ్యలో రెండు రోజులు విరేచనాలు. మూడో రోజుకి మూత్రం బాగా తగ్గిపోయింది, మనిషి మంచం మీంచి లేవలేదు. ఆసుపత్రిలో చూస్తే 1.2 ఉండే క్రియాటినిన్‌ 2.6.

ఇక్కడ జరిగిన మెకానిజం నాకు ప్రకాశం బ్యారేజీ పెట్టి చెబితే గానీ ఎక్కలేదు, మీకూ అలాగే చెబుతాను. కిడ్నీలో లక్షల సన్న ఫిల్టర్లు ఉంటాయి. ఫిల్టర్‌ పనిచేయాలంటే ప్రెషర్‌ కావాలి. ప్రతి ఫిల్టర్‌కీ రక్తం వచ్చే తూము ఒకటి, పోయే తూము ఒకటి. పైన మట్టం తగ్గితే ఒళ్లు తెలివిగా వచ్చే తూము ఇంకాస్త తెరుస్తుంది, పోయే తూము బిగిస్తుంది. అలా ఫిల్టర్‌ దగ్గర ప్రెషర్‌ నిలబడుతుంది. నీళ్ల మాత్ర, ఎండ, విరేచనాలు కలిసి బ్యారేజీలో మట్టం దించేశాయి. వచ్చే తూముని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు. నొప్పి మాత్ర పనే వాటిని ఆపడం, కాబట్టి ఆ తూము ముడుచుకుంది. పోయే తూముని బిగించేది యాంజియోటెన్సిన్‌. టెల్మిసార్టాన్‌ దాన్ని అడ్డుకుంటుంది, కాబట్టి ఆ తూము వదులుగానే ఉండిపోయింది. మట్టం లేదు, వచ్చేది లేదు, ఉన్న కాస్తా పోతోంది. ఫిల్టర్‌ ఆగింది. డాక్టర్లు దీన్ని ‘ట్రిపుల్‌ వామీ’ అంటారు, మూడు దెబ్బలు ఒకేసారని.

గమనించాల్సింది ఏంటంటే, మామూలు రోజుల్లో అదే టెల్మిసార్టాన్‌ షుగర్‌ ఉన్నవాళ్ల కిడ్నీని కాపాడే మందు. అందుకే రాస్తారు. మంచి మందు, చెడ్డ మందు అని విడివిడిగా లేబుల్‌ వేయడం ఈ వయసులో కుదరదు. ఎవరికి, ఏ మందు పక్కన, ఏ నెలలో అన్నది చూడాలి. సెలైన్‌ ఎక్కించి, నొప్పి మాత్రా నీళ్ల మాత్రా ఆపేశాక క్రియాటినిన్‌ 1.4కి దిగింది. పాత 1.2కి మాత్రం ఇప్పటికీ రాలేదు.

అప్పుడు ఒక పెద్ద డాక్టరు చేసిన పని నన్ను ఈ ఆర్టికల్‌ దాకా తెచ్చింది. కొత్త పరీక్షేమీ రాయలేదాయన. ‘ఇంట్లో ఉన్న మందులన్నీ, వాడేవీ వాడనివీ, ఆయుర్వేదం సీసాలతో సహా సంచిలో వేసుకు రండి’ అన్నారు. బల్ల మీద పోసి ఒక్కోటీ ‘ఇది ఎవరు రాశారు, ఎందుకు, ఎప్పుడు మొదలైంది’ అని అడిగారు. మూడింటికి మా దగ్గర జవాబే లేదు. గ్యాస్‌ మాత్ర ఎప్పుడో నాలుగేళ్ల కింద ఒక యాంటీబయాటిక్‌తో పాటు రాసింది, కోర్సు అయిపోయినా ఇది మిగిలిపోయింది. ఆమ్లోడిపిన్‌ మళ్లీ 5కి తెచ్చారు, వాపు దిగింది. వాపే లేనప్పుడు నీళ్ల మాత్ర అక్కర్లేదు. గ్యాస్‌ మాత్ర మెల్లగా తగ్గించి మానిపించారు. తొమ్మిది ఏడయ్యాయి, 36 జతలు 21 అయ్యాయి. ఆ రోజు కన్సల్టేషన్‌కి పట్టింది ముప్పావుగంట. మామూలుగా మాకు దొరికేది ఐదు నిమిషాలు.

ముప్పావుగంట ఎందుకు దొరకదో కూడా చూడాలి. మన రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్‌ వైద్య సేవ, ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది, అందులో సందేహం లేదు. 2024 అక్టోబరు నుంచి 70 దాటిన వాళ్లందరికీ ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్‌ భారత్‌ కింద 5 లక్షల దాకా వైద్యం ఉంది. అయితే ఈ పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరే మనిషి కోసం కట్టినవి. స్టెంట్‌ వేస్తే డబ్బొస్తుంది, తొమ్మిది మాత్రలు ముందేసుకుని రెండు తీసేస్తే దానికో ప్యాకేజీ లేదు. అమ్మమ్మ ఆసుపత్రిలో చేరాక పెట్టిన ఖర్చులో పదో వంతు ముందే ఆ ముప్పావుగంటకి పెట్టి ఉంటే చేరే పనే ఉండేది కాదేమో.

వృద్ధుల వైద్యం అనే ప్రత్యేక శాఖ లేక కాదు. మన పక్కనే చెన్నైలో డాక్టర్‌ వి.ఎస్‌. నటరాజన్‌ 1978లోనే ప్రభుత్వాసుపత్రిలో దీన్ని మొదలుపెట్టారు, 1996 నుంచి మద్రాస్‌ మెడికల్‌ కాలేజీలో ఎండీ కోర్సే ఉంది. అమెరికాలో మార్క్‌ బీయర్స్‌ అనే డాక్టరు 1991లో పెద్దవాళ్లకి వీలైనంతవరకు ఇవ్వకూడని మందుల జాబితా తయారుచేశారు. దాన్ని ఇప్పటికీ కొత్తగా సవరిస్తూనే ఉన్నారు. మన వీధిలో మాత్రం పిల్లల డాక్టరు బోర్డు కనిపించినంత తేలిగ్గా పెద్దల డాక్టరు బోర్డు కనిపించదు. కాబట్టి ప్రస్తుతానికి ఇంటిగ్రేషన్‌ పని ఇంట్లో వాళ్ల మీదే పడుతోంది. ఎక్కువగా ఒక కూతురి మీదో కోడలి మీదో, మా ఇంట్లో నా మీద.

ఆ పనిలో మొదటిది ఒకే ఒక్క కాగితం. మందు పేరంటే బ్రాండు పేరు కాదు, స్ట్రిప్పు మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరు రాయాలి. ఇది చాదస్తం కాదు. మన దేశంలో ఒకే మందుకి పదుల కొద్దీ బ్రాండ్లు. ఇద్దరు డాక్టర్లు రెండు పేర్లతో రాస్తే ఒకే మందు డబుల్‌ డోసు పడుతుంది, రంగు వేరు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. రెండు మూడు మందులు కలిపిన కాంబినేషన్‌ మాత్రలతో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. పేరు పక్కన ఎంత, ఏ టైముకి, ఎవరు రాశారు, ఎందుకు. ఈ ‘ఎందుకు’ అన్న గడి ఖాళీగా ఉంటే వచ్చే అపాయింట్‌మెంట్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. కింద క్రియాటినిన్‌, పొటాషియం, మూడు నెలల షుగర్‌, ఎప్పుడెంతో. ఎక్కడికెళ్లినా, జలుబుకెళ్లినా సరే, ఆ కాగితం ముందు పెట్టాలి. మందుల షాపులో కూడా. ఏ మాత్రనీ మనంతట మనం ఆపకూడదు, కొన్ని హఠాత్తుగా ఆపితే ప్రమాదం. మన పని ఆపడం కాదు, అడగడం. ‘డాక్టరు గారూ, ఈ లిస్టులో ఇప్పుడు అక్కర్లేనిది ఏమైనా ఉందాండీ? వాంతులూ విరేచనాలూ అయినప్పుడు ఏవి ఆపాలండీ?’ ఈ రెండో ప్రశ్నకి జవాబు ముందే రాయించుకుని ఫ్రిజ్‌కి అంటించుకోవడం చాలా అవసరం. ఆ పరిస్థితి ఎప్పుడూ ఆదివారం రాత్రే వస్తుంది.

తిండి విషయంలో నా దగ్గర ఇంత నీటైన జవాబు లేదు. షుగర్‌ డాక్టరు అన్నం తగ్గించి పప్పు పెంచమన్నారు, కిడ్నీ డాక్టరు పప్పు మితంగా అన్నారు. ఉప్పు తగ్గించమంటే ఒక బంధువు తక్కువ సోడియం ఉప్పు ప్యాకెట్‌ తెచ్చిచ్చాడు. అందులో సోడియానికి బదులు ఉండేది పొటాషియం. కిడ్నీ నెమ్మదించి, పైగా టెల్మిసార్టాన్‌ వాడే మనిషికి పొటాషియం పెరిగితే గుండె లయకే ముప్పు. ఎండాకాలంలో రోజూ తాగే కొబ్బరి బొండాం సంగతీ ఇంతే, ఇలాంటివాళ్లు అడిగి తాగాలి. షుగర్‌కి నడవమంటారు, మోకాళ్లు వద్దంటాయి. ఒకరోజు ఇవన్నీ చదివి వినిపిస్తే అమ్మమ్మ, ‘మరి నేను తినాల్సింది ఏంట్రా నాన్నా, గాలా?’ అంది. ఆవకాయ అన్నంలో మొదటి ముద్దకి మాత్రమే అని సంధి కుదిరింది. ఆ ముద్ద ఈ మధ్య కాస్త పెద్దదవుతోంది.

ఇక్కడే పెద్దగా ఎవరూ అడగని విషయం ఒకటుంది. ఇన్ని జబ్బుల్లో అన్నిటినీ ఒకేసారి గెలవలేం, కాబట్టి దేనికి ప్రాధాన్యం ఇవ్వాలన్నది ఎవరు నిర్ణయించాలి? బ్రిటన్‌లో నైస్‌ అనే సంస్థ 2016లో మల్టీమార్బిడిటీ మీద ఇచ్చిన గైడ్‌లైన్‌ ఆ మనిషినే అడగమంటుంది. మేమూ అడిగాం. అమ్మమ్మ చెప్పిన వాటిలో షుగర్‌ నంబరు లేనే లేదు. రాత్రి నిద్ర పట్టాలి. ఎవరూ పట్టుకోకుండా పటమట రైతుబజారుకి వెళ్లి తన కూరలు తనే ఏరుకోవాలి. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండాలి.

నిద్ర సంగతి నీళ్ల మాత్రతోనే తీరింది. రైతుబజారుకి వెళ్లడానికి మోకాళ్ల వ్యాయామాలు, చేతికర్ర. చేతికర్ర పట్టుకోవడానికి ఆర్నెల్లు బతిమాలాం. ఉపవాసం మాత్రం తేలిక కాదు. గ్లిమెపిరైడ్‌ తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ విడుదల చేయిస్తుంది. కిడ్నీ నెమ్మదిస్తే దాని ప్రభావం ఒంట్లో ఇంకా ఎక్కువసేపు ఉండిపోవచ్చు. ఆ మాత్ర వేసుకుని సాయంత్రం దీపం పెట్టేదాకా ఏమీ తినకపోతే షుగర్‌ 60 కిందకి జారిపోవచ్చు. బీపీకో గుండెకో బీటా బ్లాకర్లు వాడే వాళ్లకైతే షుగర్‌ పడిపోతున్నప్పుడు వచ్చే గుండె దడ, వణుకు లాంటి హెచ్చరికలు కూడా సరిగా తెలియవు. పెద్దవాళ్లలో షుగర్‌ కాస్త ఎక్కువుండటం కంటే ఒక్కసారిగా పడిపోవడమే ఎక్కువ భయం. అందుకే చాలా జబ్బులున్న పెద్దవాళ్లకి మూడు నెలల షుగర్‌ 8 లోపు ఉంటే చాలని అమెరికన్‌ డయాబెటిస్‌ అసోసియేషన్‌ కూడా అంటుంది. ఏడు లోపు ఉండాలని పట్టుబట్టే చుట్టాలకి ఈ మాట చెప్పి చూడండి.

ఈ విషయం కార్తీకానికి నెల ముందే షుగర్‌ డాక్టరు దగ్గర పెట్టాం. ‘ఉపవాసం మానేయండి’ అంటారేమో, అమ్మమ్మ సరే అని వచ్చి ఎవరికీ చెప్పకుండా చేసేస్తుందేమో అని మా అమ్మ భయం. ఆవిడ అలా అనలేదు. గ్లిమెపిరైడ్‌ తీసేసి, షుగర్‌ అంత తేలిగ్గా పడిపోనివ్వని వేరే మందుకి మార్చారు. మధ్యాహ్నం పాలూ ఒక పండూ తప్పనిసరి అన్నారు, రెండుసార్లు వేలు పొడిచి చూసుకోమన్నారు, 70 కిందకి వస్తే వెంటనే పంచదార నీళ్లు తాగి ఉపవాసం ఆపేయమన్నారు. ‘దేవుడేం అనుకోడు లెండి మామ్మగారూ’ అని ఆవిడే అన్నారు. నాలుగు సోమవారాల్లో మూడు పూర్తయ్యాయి. రెండో సోమవారం మూడు గంటలప్పుడు 74 చూపిస్తే, ఇంకా 70కి రాలేదుగా అని అమ్మమ్మ వాదించింది. మా అమ్మ వినకుండా అన్నం పెట్టేసింది.